వాన యొకచోట, వరద వేరొకచోట

శివనసముద్రపు జలపాతములను చూడబోవు బెంగుళూరు వాసులలో పలువురు తమ యింటి మేడపై నిలిచి ఆకాశమును పరికించి, మబ్బు క్రమ్మినదని నిశ్చయించుకొని బయలుదేరుదురు. తమ వీధిలో జల్లు పడుచున్నప్పుడు కావేరియు పొంగియే యుండునని వారి యూహ. కాని ఈ జలపాతములు బెంగుళూరి వానను గాని, తామున్న మళవళ్ళి, కొళ్ళేగాల సీమల వానను గాని అంతగా లెక్కచేయునవి కావు. ఆ సీమలలో వర్షము మితముగనే కురియును. పడమటి కనుమలలో కొడగు కొండలపై పడిన వాన కావేరియై కన్నంబాడి కడ కృష్ణరాజసాగరమునను, వయనాడు అడవులలో పడిన వాన కబినియై బీచనహళ్ళి కడ మరియొక జలాశయమునను నిలిచి, ఆ రెండును నిండి తలుపులెత్తిన పిమ్మట, తిరుమకూడలు నరసీపురము నొద్ద నేకమై దిగువకు సాగినప్పుడు గదా ఇచ్చటి శిలలు మునుగుట! కనుక ప్రయాణమునకు ముహూర్తము పెట్టుకొనువారు మేఘములను విడిచి, కన్నడ దినపత్రికలలో వానకాలమంతయు ప్రకటింపబడు జలాశయముల మట్టములను చూచుట మేలు. కృష్ణరాజసాగరపు పూర్తిమట్టము 124.80 అడుగులు. నీరు ఆ యంకెకు చేరువైనదన్న వార్త వచ్చిన వారమే యాత్రకు తగిన వారము; సాధారణముగా అది జులై, ఆగస్టు మాసములలో వచ్చును.

అట్లని దారిలోని వానను నేను తక్కువచేయుట లేదు. జలపాతమున కది ఉపకరింపకున్నను ప్రయాణికునకు మాత్రము మిక్కిలి యుపకరించును. బెంగుళూరినుండి సుమారు 130 కిలోమీటర్ల దూరము. మైసూరునకు క్రొత్తగా వేసిన వేగరహదారి ఊళ్ళనన్నింటిని తప్పించుకొని పోవును. తొందర గలవారికి అది తగియుండును గాని, ముసురుపట్టిన దినమున దేశమును చూడగోరువారు పాత మైసూరు దారిని బట్టుటయో, కనకపుర, హలగూరుల మీదుగా పోవుటయో యుచితము. మేము పాత దారినే పోతిమి. రామనగరము చేరుసరికి రెండు వైపుల గండశిలల కొండలు తడిసి నల్లబారి, వాని నున్నని పార్శ్వములనుండి సన్నని ధారలు జారుచుండెను. ‘షోలే’ చిత్రమును తీసినది ఈ కొండల నడుమనే యని ప్రతి మోటారులోను ఎవరో యొకరు చెప్పక మానరు. అంతకంటె మనవారికి దగ్గరి సంగతి యేమనగా, ఇచ్చటి పట్టుగూళ్ళ అంగడికి మన రాయలసీమనుండియు రైతులు గూళ్ళను తెచ్చి విక్రయింతురు. అటుపిమ్మట మద్దూరు. ఉల్లిపాయ ముక్కలు కలిపిన బియ్యపు పిండి, రవ్వలతో పలుచగా తట్టి వేయించిన మద్దూరు వడను వానలో, వేడి కాఫీతో తినవలెను; ఎండలో తిన్నవారికి దాని రుచి సగమే తెలిసినట్లు.

మద్దూరు కడ దక్షిణమునకు మరలి మళవళ్ళి దారి పట్టినంతనే నేల స్వరూపము మారును. మెట్ట పోయి మాగాణి వచ్చును. కృష్ణరాజసాగరపు కాలువ చేర్చిన నీటితో ఊడ్పులు సాగుచుండగా, గోనెపట్టలను తలమీదుగా కప్పుకొనిన స్త్రీలు వరుసగా వంగి నారు నాటుచుందురు. చెఱకు తోటల యంచున బెల్లము వండు పాకలనుండి పొగ వాన బరువునకు పైకి లేవజాలక నేలబారున ప్రాకుచుండును.

శివనసముద్రము ద్వీపము. కావేరి ఇచ్చట రెండు పాయలుగా చీలి, సుమారు మూడు మైళ్ళ పొడవు గల భూఖండమును నడుమ నుంచుకొని, రెండు ప్రక్కలను మైసూరు పీఠభూమి నుండి క్రిందికి దుముకును. పడమటి పాయ గగనచుక్కి, తూర్పు పాయ భరచుక్కి. గగనచుక్కిని మళవళ్ళి వైపు గట్టుమీది దర్శనస్థలమునుండి చూడవలెను. సుమారు మూడు వందల అడుగుల నుండి నీరు ఒక్క పెట్టున పడదు. శిలాసోపానములపై తాకి, తెరలుతెరలుగా చిమ్మి, గుఱ్ఱపు జూలు వలె విరియబారి, లోయలో పొగయై లేచును. వరద మిక్కుటమైన దినమున ఆ తుంపర లోయ దాటి చూపరుల మొగములపై పడుచుండును గనుక, తాము తడియుచున్నది వానచేతనో నదిచేతనో నిర్ణయించుకొనుట వారికి కష్టము. ఆవలి యొడ్డున, ద్వీపపు కొనయందు, ఒక దర్గా కలదు. అచ్చటినుండి జలపాతము మరింత చేరువ. కాని నాచుపట్టిన బండలమీదికి దిగి ప్రాణములు గోల్పోయినవారు పెక్కురు. దూరపు గట్టే చాలును.

ఈ గట్టుమీదినుండి చూచువారు, జలపాతముతోపాటు కొండవాలున దిగు పెద్ద ఇనుప గొట్టములను గూడ చూచి, అందమున కవి భంగమని సాధారణముగా విసుగుకొందురు. నా దృష్టికి చూడదగిన వానిలో సగము ఆ గొట్టములే. కోలారు బంగారు గనులకు శక్తి కావలసియుండగా, బొగ్గుతో ఆవిరి యంత్రములను నడుపుట మిగుల వ్యయసాధ్యమై యుండెను. మైసూరు దివాను శేషాద్రి అయ్యరు గారి హయామున, లోబినియేర్ అను ఇంజినీరు సేనాని ఈ నీటిని అట్టి గొట్టములగుండ దించి విద్యుత్తును పుట్టించి గనులకు పంపు యోచన చేసెను. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ యంత్రములను సమకూర్చెను. 1902 జూన్ నెలాఖరున 92 మైళ్ళ తీగమీద విద్యుత్తు కోలారు చేరినది. అంత దూరము అంత శక్తిని పంపుట ఆ నాళ్ళలో ప్రపంచమందే అరుదైన సాహసము. శేషాద్రి అయ్యరు గారు దానిని చూడలేదు. అంతకు ముందటి సంవత్సరమే వారు స్వర్గస్థులైరి. 1905లో ఈ శక్తితోనే బెంగుళూరు వీధులలో దీపములు వెలిగినవి. దేశములో మొదటి జలవిద్యుత్కేంద్ర మిదియే యని కొందరు వ్రాయుదురు. అది సరికాదు, 1897లోనే డార్జిలింగునకు సమీపమున నొక చిన్న కేంద్రము పనిచేయనారంభించెను. కాని పట్టణపు దీపములతో తృప్తి నొందక, దూరముననున్న ఒక పరిశ్రమనంతటిని నడిపించిన ఘనత శివనసముద్రమునదే.

చిక్కంతయు వేసవిలో వచ్చినది. గనులకు మాటయిచ్చిన శక్తి యేడాది పొడవున నందవలెను. కావేరియో వేసవిలో సన్నగిల్లును. కన్నంబాడి కడ ఆనకట్ట కట్టుటకు గల కారణములలో ఇది యొకటి. 1911లో ఆరంభమైన ఆ నిర్మాణమునకు ప్రాణమైన విశ్వేశ్వరయ్య గారి పూర్వులు గిద్దలూరు చేరువనున్న మోక్షగుండము వారని తెలుగు పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ కథయంతయు తెలిసిన పిదప జలపాతమును చూచువాని చూపు మారును. ఎగువ కాలువలు ముందుగా తమ భాగము తీసికొనును. విద్యుత్కేంద్రము తన భాగము తీసికొనును. ఎవరికిని అక్కరలేక మిగిలిన నీరే మన కన్నుల యెదుట దుముకును. మార్చి, ఏప్రిల్ మాసములలో వచ్చినవారికి అనేకసారులు ఎండిన బండలే దర్శనమిచ్చుటకు కారణ మిదియే. అట్లు నిరాశ చెంది నదిని నిందించువారు, ఆ నీరు తమ యింటి దీపములో వెలుగుచుండవచ్చునని తలపోయరు.

ద్వీపములోనికి పోవుటకు పూర్వము రాతి వంతెన లుండెడివి. ఏకశిలా స్తంభములను నదీగర్భమున నిలిపి, వానిపై రాతిదూలములు పరచి, రామస్వామి మొదలియారు అను నతడు 19వ శతాబ్ది పూర్వార్ధమున వానిని కట్టించి, అందులకు ప్రతిఫలముగా గ్రామములను జాగీరుగా పొందెను. వానిలో నొకటియైన వెల్లెస్లీ వంతెన 2018 నాటి వరదలో కొంతమేర కొట్టుకొనిపోయినది. నేడు మోటారులు క్రొత్త వంతెనల మీదనే పోవును.

లోపల పట్టణము లేదు, ఒకప్పుడుండెను. ఉమ్మత్తూరు పాలకుడు గంగరాజు ఇచ్చట కోట కట్టుకొని విజయనగరమునకు కప్పము మాని ఎదిరింపగా, పట్టమెక్కిన తొలి సంవత్సరములలోనే శ్రీకృష్ణదేవరాయలు దండెత్తివచ్చి, దీర్ఘకాలము ముట్టడించి కోటను గెలిచెను. ఓడిన గంగరాజు కావేరిలో మునిగి మరణించెనని చెప్పుదురు. రాయల జైత్రయాత్రలనగానే మనవారు ఉదయగిరిని, కొండవీటిని తలచుదురు గాని, ఆ విజయపరంపరకు మొదటి మెట్లలో నొకటి ఈ లంకయే. ఆ కోట యిప్పుడు పొదల నడుమ పడియున్న రాళ్ళ వరుస మాత్రమే. సోమేశ్వరాలయమును, రంగనాథాలయమును నిలిచియున్నవి. శ్రీరంగపట్టణమున ఆదిరంగడు, తమిళ శ్రీరంగమున అంత్యరంగడు, నడుమ ఇచ్చట మధ్యరంగడు: కావేరి లంకలలో మువ్వురును శయనించియే యున్నారు. వాన దినమున భక్తులు పలుచన. గుడి మండపములో మేకలు చేరియుండెను; అర్చకుడు వానిని అదలించుచు మాకు తీర్థమిచ్చెను.

భరచుక్కి గగనచుక్కికంటె ఎత్తున తక్కువ, వెడల్పున ఎక్కువ. లెక్కకు మించిన పాయలుగా విశాలమైన శిలాఫలకమునంతను పరచుకొని పడును. నాకు ఇదియే మిక్కిలి యింపు. తక్కువ నీటి దినములలో మెట్లు దిగి అడుగునకు పోవచ్చును. పుట్టి నడుపువారు ధార క్రిందివరకు తీసికొనిపోయి, పుట్టిని గిఱ్ఱున త్రిప్పి భయపెట్టి సంతోషపెట్టుదురు. మంచి వరదలో అది నిషిద్ధము. జలపాతము పరిపూర్ణముగా నున్న దినములలో జనము వేలుగా వత్తురు, పుట్టివారికి మాత్రము పని యుండదు. వారు పుట్టులను బోర్లించి, వాని ప్రక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చి యమ్ముకొనుచుందురు.

జలపాతములకు దిగువ రెండు పాయలును మరల కలిసి, నది అడవిలో చొచ్చి, మేకెదాటు మీదుగా తమిళ సీమ వైపు పోవును. సరిహద్దున బిళిగుండ్లు కడ దానిని కొలుతురు. 2018లో సుప్రీంకోర్టు తమిళనాడునకు ఏటేట విడువవలసినదిగా నిర్ణయించిన 177.25 టి.ఎం.సి.ల లెక్క అచ్చటనే తేలును. మోటారు అంతదూరము నది వెంబడి పోజాలదు. వచ్చిన దారినే మరలవచ్చును; లేదా సత్తెగాల, కొళ్ళేగాలల మీదుగా మైసూరు చేరవచ్చును. ఈ రెండవ దారిన పోవువారు, చీకటి పడుటకు తగినంత వేళ మిగిలియున్నచో, కొంత ప్రక్కకు మరలి, ఇసుకలో కూరుకొనిపోయిన తలకాటి గుడులను గూడ చూచుకొని పోవచ్చును.