కాలేయం కుదురుకున్నాక కిడ్నీల సంగతి

కాలేయ మార్పిడి అనగానే అందరికీ ఉండే భయం ఒక్కటే: శరీరం కొత్త కాలేయాన్ని ఒప్పుకుంటుందా? మొదటి నెలల్లో ఆ భయం సబబే. ఏళ్లు గడిచేకొద్దీ మాత్రం ముప్పు వేరేచోట మొదలవుతుంది. కిడ్నీలు, గుండె, కేన్సర్.

1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మొదటిసారి మనిషికి కాలేయ మార్పిడి చేశారు. రోగి బతకలేదు. ఈ చికిత్స 1980లలో నిలదొక్కుకుందంటే, రోగనిరోధక శక్తిని అణిచే మందులే ముఖ్య కారణం. వాటిలో ఇప్పుడు ఎక్కువగా వాడే టాక్రోలిమస్ జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన బాక్టీరియా నుంచి వచ్చింది. కొత్త కాలేయం మీదికి వెళ్లే టీ కణాలు అనే రోగనిరోధక కణాలు పెరగడానికి కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ కావాలి. ఈ మందు దాన్ని ఆపేస్తుంది.

చిక్కేమిటంటే, ఇదే మందు కిడ్నీ వడపోత గుచ్ఛాలకు రక్తం తెచ్చే సన్నని ధమనుల్ని బిగిస్తుంది. మొదట్లో మోతాదు తగ్గిస్తే అవి సడలుతాయి. ఏళ్ల తరబడి అలాగే సాగితే కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది, ఇక వెనక్కి రాదు. అమెరికా రోగుల మీద 2003లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, కాలేయం మార్పించుకున్నవారిలో సుమారు 18 శాతం మందికి అయిదేళ్లలో దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం కనిపించింది.

ఇక్కడ కిడ్నీల పనితీరు తెలుసుకోడానికి చూసే క్రియాటినిన్ అంకె మోసం చేయగలదు. అది పుట్టేది కండరాల్లో. లివర్ జబ్బుతో కండ కరిగిపోయిన మనిషిలో కిడ్నీ దెబ్బతిన్నా రిపోర్టు బాగానే కనిపించవచ్చు. అందుకే మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా చేయించాలి. “లివర్ రిపోర్టు బాగుంది కదా” అని ఊరుకోవడం నా దృష్టిలో చాలా ప్రమాదం.

టాక్రోలిమస్ ఇన్సులిన్ విడుదలనూ తగ్గిస్తుంది. స్టెరాయిడ్లు తోడైతే షుగర్ రావచ్చు. బీపీ, కొలెస్ట్రాల్ పెరుగుతాయి. ఆకలి తిరిగొచ్చి బరువు పెరిగితే కొత్త కాలేయానికీ కొవ్వు పడుతుంది. మద్యం వల్ల కాలేయం పోగొట్టుకున్నవారికి నోటి, గొంతు కేన్సర్ల ముప్పు ఎక్కువ. పొగాకు కూడా అలవాటుంటే మరీను.

పంపరపనస రక్తంలో టాక్రోలిమస్ స్థాయిని పెంచేస్తుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ బాగా తగ్గించేస్తుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకు నేరుగా చేటు. కాబట్టి మెడికల్ షాపులో ఏ మాత్ర కొనాలన్నా ముందు మార్పిడి డాక్టరుకు చెప్పాలి. కిడ్నీలు బలహీనపడుతున్నాయని తెలిస్తే డాక్టర్లు టాక్రోలిమస్ తగ్గించి ఎవెరోలిమస్ లాంటి మరో మందు జతచేయగలరు. ఎంత ముందుగా మారిస్తే అంత కిడ్నీ మిగులుతుంది.