వార్ధక్యంలో పొలమారడం

భోజనవేళ పొలమారితే "ఎవరో తలచుకొంటున్నారు" అనడం తెలుగువారి వాడుక. స్వగ్రామాలకు దూరంగా, దుర్గ్ జిల్లాలోని భిలాయి ఉక్కునగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ మాట మరింత ఆత్మీయం. అయితే వృద్ధులకు పదే పదే పొలమారుతుంటే, దానిని తలపుగా కాక హెచ్చరికగా భావించవలసి ఉంటుంది.

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కర్మాగారం దేశం నలుమూలల నుంచి శ్రామికులను ఒకచోట చేర్చింది. తొలి దశాబ్దాలలో కొలువు చేసినవారు నేడు వృద్ధులు.

గొంతులో అన్నమార్గం, శ్వాసమార్గం ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. మ్రింగే క్షణంలో స్వరపేటిక పైకి లేస్తుంది, ఉపజిహ్విక దానిని కప్పుతుంది, స్వరతంత్రులు మూసుకొంటాయి, ఊపిరి క్షణకాలం ఆగుతుంది. వయసుతో కండరాల పటుత్వం కొంత తగ్గుతుంది. పక్షవాతం, కంపవాతం, మతిమరుపు వ్యాధి ఈ సమన్వయాన్ని మరింత దెబ్బతీస్తాయి. అప్పుడు ఆహారంతోపాటు నోటిలోని సూక్ష్మజీవులు ఊపిరితిత్తులను చేరి న్యుమోనియా కలిగించవచ్చు. కొందరిలో దగ్గు సైతం రాదు. ఈ నిశ్శబ్ద ప్రమాదమే ఎక్కువ భయంకరం.

ఛత్తీస్‌గఢ్ ఇళ్లలో అన్నాన్ని నీటిలో నానబెట్టి తినే 'బాసి', తెలుగువారి చద్దన్నం సోదర వంటకాలు. రెండూ మంచివే; కాని మ్రింగుడు కష్టమైనవారికి రెండింటిలోనూ చిక్కు ఒకటే. మెతుకులు నమిలేలోగా నీరు ముందుగా గొంతులోకి జారుతుంది. చారన్నం విషయమూ ఇంతే.

తింటున్నప్పుడు దగ్గు, తిన్న తరువాత గొంతు గరగరలాడడం, బుగ్గలో ముద్ద నిలిచిపోవడం, బరువు తగ్గడం, తరచు జ్వరం రావడం గమనించదగిన లక్షణాలు. ఇవి కనిపిస్తే వైద్యుని సంప్రదించాలి. ద్రవాలను చిక్కబరచడం, గడ్డం వంచి మ్రింగడం వంటి పద్ధతులు అందరికీ సరిపడవు. పరీక్ష జరిపిన నిపుణుల సలహాపైనే వాటిని అనుసరించాలి.

ఇంటివారు చేయదగినవి సులభమైనవే. వృద్ధులను నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న ముద్దలు పెట్టి, ఒకటి మ్రింగిన తరువాతనే మరొకటి అందించాలి. ముద్ద నోట ఉండగా మాట్లాడించరాదు. మగతలో ఉన్నవారికి తినిపించరాదు. భోజనానంతరం అరగంట పడుకోనివ్వరాదు. పళ్లను, కట్టుడు పళ్లను నిత్యం శుభ్రపరచాలి. నోటి శుభ్రత న్యుమోనియా ముప్పును తగ్గిస్తుంది.

భిలాయిలో ఇంటింటి భాష వేరు, వంట వేరు. వృద్ధుల కంచం చెంత కావలసిన ఓర్పు మాత్రం అన్ని ఇళ్లకూ ఒక్కటే.