నానాజాతి సమితియు, అమెరికా ఖాళీ పీఠమును

ఒక గ్రామమున చెరువుగట్టు తెగునట్లున్నదని పెద్దలు కూడి, ప్రతి రైతును తన భూమికి తగినట్లు పనివాండ్రను పంపవలెనని నిర్ణయించి రనుకొందము. ఆ మాట మొదట నెత్తినవాడు ఆ యూరిలో నెక్కువ భూమి గల మోతుబరియే. తీరా పని మొదలైన దినమున ఆ యింటినుండియే యొక్కరును రాకపోయినచో నేమగును? మిగిలినవారు నాలుగు గంపల మన్ను పోయుదురు గాని, గట్టు నిలుచునను ధైర్యము వారికుండదు. 1920వ సంవత్సరమున ప్రపంచమున కిట్టి స్థితియే కలిగెను. చరిత్రపాఠమున ఈ భాగము వచ్చినపుడెల్ల మా విద్యార్థులు కారణ మడుగుచుందురు గావున, దానిని విపులముగా వ్రాయుచున్నాము.

1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధములో లక్షలకొలది యువకులు మడిసిరి. అట్టి ఘోరము మరల రాకుండుటకు దేశములన్నియు నొక సంఘముగా నేర్పడవలెనని అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సను 1918 జనవరి 8వ తేదీన ప్రకటించిన 14 సూత్రములలో కడపటిదానియందు తెలిపెను. ఆయన ప్రెస్బిటేరియను బోధకుని కుమారుడు. కళాశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు. ఆయన పట్టుదలవలననే నానాజాతి సమితి నిబంధనలు 26ను వర్సేల్సు సంధిపత్రములో మొదటి భాగముగా చేర్పబడెను. 1919 జూను 28వ తేదీన ఆ సంధిపై సంతకములు జరిగెను.

అయితే అమెరికా రాజ్యాంగము ప్రకారము అధ్యక్షుని సంతకము చాలదు. సెనేటు సభలో వోటు చేసిన సభ్యులలో మూడింట రెండువంతులమంది యంగీకరింపవలెను. 1918 నవంబరు ఎన్నికలలో ఆ సభ విల్సను ప్రతిపక్షమగు రిపబ్లికనుల వశమయ్యెను. అయినను ఆయన పారిసునకు పోవునపుడు ఒక్క సెనేటరునైనను వెంట గొనిపోలేదు. ఇది ఆయన చేసిన మొదటి పొరపాటు.

విదేశ వ్యవహారముల సంఘమునకు అధ్యక్షుడగు హెన్రీ కాబట్ లాడ్జి ముఖ్యముగా 10వ నిబంధన నాక్షేపించెను. సభ్యదేశముల పొలిమేరలను, స్వాతంత్ర్యమును పరుల దాడినుండి కాపాడుదుమని ఆ నిబంధన ప్రతిజ్ఞ చేయించుచున్నది. యుద్ధము ప్రకటించు నధికారము మా కాంగ్రెసుది గదా, పరులు నిర్ణయించిన యుద్ధమునకు మా బిడ్డలను పంపవలెనా యని ఆయన వాదము. ఇది బొత్తిగా నిరాధారమైన వాదము కాదని మేమును ఒప్పుకొందుము. కాని కొందఱు సెనేటరులు ఏ సవరణమునకును లొంగక, సమితియే వలదనిరి. విల్సను సయితము లాడ్జి షరతులలో నొక్కదానికిని సమ్మతింపడయ్యెను.

ప్రజలకే చెప్పుకొందునని విల్సను 1919 సెప్టెంబరులో రైలుపై సుమారు 8,000 మైళ్లు తిరిగి యుపన్యసించెను. ఆ శ్రమకు దేహ మోర్వలేదు. అక్టోబరు 2వ తేదీన పక్షవాతముచే మంచము పట్టెను. నవంబరు 19వ తేదీన షరతులతో కూడిన సంధికి 39 వోట్లు అనుకూలముగను 55 ప్రతికూలముగను, షరతులు లేని సంధికి 38 అనుకూలముగను 53 ప్రతికూలముగను వచ్చెను. 1920 మార్చి 19వ తేదీన షరతులతో మరల వోటు జరుగగా 49 అనుకూలముగను 35 ప్రతికూలముగను వచ్చెను. ఇంక 7 వోట్లు మాత్రమే తక్కువ! ఆ 35మందిలో 23మంది విల్సను పక్షమువారే. నాయకుని మాట జవదాటలేక ఆయన సమితినే వారు ఓడించిరి.

సమితి 1920 జనవరిలోనే పని ప్రారంభించియుండెను. స్వాతంత్ర్యము లేని మన దేశమునకును అందు సభ్యత్వ ముండెను. అమెరికాకు మాత్రము లేదు. 1935లో ఇటలీ అబిసీనియాపై దండెత్తగా సమితి వర్తక బహిష్కారము విధించెను గాని, యుద్ధయంత్రములకు ప్రాణమైన నూనెను నిషేధింపలేదు. మేము మానినను అమెరికా వర్తకులు అమ్ముదురు గదా యనుట అందులకు చెప్పిన కారణములలో నొకటి. అబిసీనియా పడిపోయెను. బ్రిటను, ఫ్రాన్సు దేశముల పిఱికితనమును ఇందు తోడయ్యెను. తప్పంతయు నొకరిదే యనుట న్యాయము కాదు. అమెరికా చేరియున్నచో రెండవ మహాయుద్ధము రాకపోయెడిదని రూఢిగా చెప్పజాలము. అయినను బలవంతుడు రాని సభలో తీర్పునకు బలము తగ్గుట మాత్రము నిశ్చయము.

1945లో అమెరికా సెనేటు ఐక్యరాజ్యసమితి శాసనమును 89 వోట్లతో ఆమోదించెను, కాదన్నవారు ఇద్దఱే. కాని ఈమారు బలవంతులను సభలో నిలుపుకొనుటకు వెల యియ్యవలసివచ్చెను. భద్రతా మండలిలో అయిదు శాశ్వత సభ్యదేశములలో నేయొక్కటి కాదనినను ముఖ్యమైన తీర్మానము నిలిచిపోవును. ఈ వీటో నియమము నేటికిని ఉన్నది. నాడు మోతుబరి పనికి రాలేదు. నేడు వచ్చి, తనకు నచ్చనిచో పార నాపుచున్నాడు.

బాలబాలికలారా! నియమము వ్రాయుట సులభము. అది మనమీదికి వచ్చినపుడు తలవంచుట కష్టము. ఆటలోగాని, తరగతి సంఘములోగాని, మీలో బలము గలవాడు మొదట నియమమునకు లోబడినచో మిగిలినవారు తామే లోబడుదురు. ఈ యలవాటు బడిలో కుదిరినచో, రేపు మీరు పౌరులైనపుడు దేశమును అడుగవలసిన ప్రశ్న మీకు తెలిసియుండును.