బిడ్డ కేరుమన్న తర్వాత

తల్లీబిడ్డల నర్సింగ్ సేవ నెల తప్పిన రోజుల్లో మొదలై బిడ్డకు అయిదేళ్లు నిండేదాకా సాగుతుంది. ఇంత కాలంలో ప్రాణాపాయం ఎక్కువగా పొంచి ఉండేది ఒక్క గంటలో: బిడ్డ కేరుమన్న తర్వాతి గంటలో. తెలుగు సినిమాలో తలుపు వెనక నుంచి ఆ ఏడుపు వినిపించగానే సన్నివేశం అయిపోతుంది. లేబర్ రూములో నర్సు పని అప్పుడే ముమ్మరమవుతుంది.

ఆ సన్నివేశాలు తయారయ్యే హైదరాబాద్ ఫిల్మ్‌నగర్ తల్లులకు ఆ గంట రెండు రకాల చోట్ల గడుస్తుంది. జూబ్లీహిల్స్‌లో 1988లో మొదలైన అపోలో వంటి కార్పొరేట్ ఆసుపత్రులు ఒకవైపు. గుట్ట వాలు మీది ఇరుకు సందుల్లో ఉండే కూలీలు, సెట్ పనివాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఆధారపడే నీలోఫర్, పేట్లబురుజు, కొండాపూర్ సర్కారు దవాఖానాలు మరోవైపు. నీలోఫర్ పుట్టుకలోనే ఒక కాన్పు విషాదం ఉంది. తన దగ్గర పనిచేసే అమ్మాయి వైద్యం అందక ప్రసవంలో చనిపోతే, నిజాం కోడలు నీలోఫర్ రాకుమారి తల్లీబిడ్డల కోసం ఆసుపత్రి ఉండాలని పట్టుబట్టారు. 1953లో అది ఆమె పేరుతోనే నిలిచింది. ఈ ఆసుపత్రులకు పడకల్లో, గదుల్లో, బిల్లుల్లో ఎంత తేడా ఉన్నా ఆ మొదటి గంటలో నర్సు చేయవలసిన పనుల్లో తేడా లేదు. అందులో చాలావాటికి యంత్రమూ అక్కర్లేదు.

ఆ గంటకు సన్నాహం నెలల ముందే మొదలవుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు ఏఎన్ఎం నర్సు ప్రతిసారీ బరువు, రక్తపోటు, రక్తహీనత, మూత్రంలో ప్రొటీన్ చూస్తుంది. రక్తపోటు 140/90 దాటితే, లేదా విడవని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం ఉంటే గుర్రపువాతం రావచ్చని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. రోజుకొకటి చొప్పున 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలని చెప్పడం తేలిక. కడుపులో తిప్పుతోందని మానేసిన అమ్మాయితో మళ్లీ మొదలుపెట్టించడమే నర్సు నేర్పు.

నొప్పులు మొదలయ్యాక గమనిక గంటల నుంచి నిమిషాలకు దిగుతుంది. కడుపులో బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. మొదటి దశలో కనీసం అరగంటకోసారి, తల్లి ముక్కే దశలో అయిదు నిమిషాలకోసారి నర్సు దాన్ని వినాలి. తల్లిని నడవనివ్వాలి, మంచినీళ్లు తాగనివ్వాలి, నచ్చిన భంగిమలో ఉండనివ్వాలి. అమ్మో అత్తో అక్కో పక్కనుంటే కాన్పు సులువవుతుందని పరిశోధనలు తేల్చాయి. అయినా చాలా లేబర్ రూముల్లో ఇప్పటికీ తల్లి ఒంటరే. నొప్పులు పడే మనిషిని కసురుకోవడం కూడా చికిత్సలో లోపమే.

బిడ్డ బయటికి రాగానే ఆరిన, వెచ్చటి బట్టతో ఒళ్లంతా తుడిచి, తల్లి వట్టి ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి పైన మరో బట్ట కప్పాలి. తుడవడంతోనే చాలామంది ఊపిరి అందుకుంటారు. అందుకోకపోతే మొదటి నిమిషం లోపలే మాస్కు, సంచితో ఊపిరి ఊదాలి. ఆ నిమిషాన్ని వైద్యులు బంగారు నిమిషం అంటారు. బిడ్డ బాగుంటే బొడ్డుతాడు కోయడానికి ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగాలి. మాయలోని రక్తం ఆ వ్యవధిలో బిడ్డకు చేరి, తర్వాతి నెలల్లో ఇనుము లోపం రాకుండా కాపాడుతుంది. స్నానం కనీసం ఒక రోజు ఆగవచ్చు. శుభ్రం అనుకుని పురిటి బిడ్డకు వెంటనే పోసే నీళ్లు ఒంటి వేడిని లాగేస్తాయి.

బిడ్డ పుట్టిన మొదటి నిమిషంలోనే తల్లికి తొడ కండరంలో 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. మాయ పడ్డాక గర్భసంచి రాయిలా గట్టిపడిందో లేదో చేత్తో తడిమి చూడాలి. మెత్తగా ఉంటే రక్తం ఆగదు. అర లీటరు దాటితే ప్రమాదమే, కానీ పక్కబట్టల్లో ఇంకిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే తక్కువే అనిపిస్తుంది. కొలతగీతలున్న ప్లాస్టిక్ సంచిని కింద పరచి, అర లీటరు మించగానే చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్ర రక్తస్రావాలు 60 శాతం తగ్గాయని నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన అధ్యయనం 2023లో చూపించింది. అంత చవకైన వస్తువు ప్రతి లేబర్ రూములో ఉండి తీరాలి.

గంట ముగిసేలోపు బిడ్డ రొమ్ము అందుకోవాలి. చిక్కగా, పసుపు రంగులో వచ్చే ముర్రుపాలు బిడ్డకు మొదటి రక్షణ. వాటిని పిండి పారబోసి తేనో, చక్కెర నీళ్లో నాకించే అలవాటు ఇంకా పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు మాత్రం నూటికి 37 మందే. పాలు పట్టించే చేయి ఆసుపత్రి లోపలే కొరవడుతోందన్నమాట. దీనికి ఒక కారణం కోతల కాన్పులు. అదే సర్వేలో రాష్ట్రంలో 60.7 శాతం ప్రసవాలు సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. ఆపరేషన్ అయినా బిడ్డను తల్లి చెంప పక్కన, ఛాతీ మీద ఉంచి పాలు పట్టించవచ్చు. అందుకు ఒక నర్సు పూర్తిగా ఆ పని మీదే ఉండాలి.

కోతలు తగ్గించడానికే రాష్ట్రం మిడ్‌వైఫరీ వైపు చూసింది. హైదరాబాద్‌లో 1948 నుంచి ఉన్న ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ సంస్థ, యునిసెఫ్‌లతో కలిసి 30 మంది సర్కారు నర్సులకు పద్దెనిమిది నెలల శిక్షణ ఆరంభించింది. మరుసటి ఏడాది కేంద్రం జాతీయ మార్గదర్శకాలు తెచ్చింది. మంత్రసాని ఓపికకు ఆధునిక శాస్త్రం తోడైతే ఎలా ఉంటుందో ఈ నర్సులు చూపిస్తున్నారు. మామూలు కాన్పును మామూలుగా జరగనిస్తూ, తేడా కనిపించిన క్షణాన డాక్టర్ని పిలుస్తారు.

రెండున్నర కిలోలకన్నా తక్కువ బరువుతో, లేదా నెలలు నిండక పుట్టిన బిడ్డకు వైద్యం తల్లి ఒళ్లే. కొలంబియాలోని బొగోటాలో 1970ల చివర ఇంక్యుబేటర్లు చాలక మొదలైన కంగారూ పద్ధతిలో బిడ్డను రోజుకు ఎన్ని గంటలు వీలైతే అన్ని గంటలు తల్లి ఛాతీకి హత్తి కట్టుకుంటారు. తల్లికి బాగోలేనప్పుడు తండ్రి, నానమ్మ కూడా చేయవచ్చు. చొక్కా విప్పి బిడ్డను గుండెకు ఆనించుకోమంటే మొదట బిగుసుకుపోయే తండ్రి పక్కన నర్సు కాసేపు నిలబడితే చాలు.

ఇంటికి వెళ్లాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తుంది. మెట్లెక్కి బస్తీ గదికి చేరి ఆమె చూసేవి ఇవి: బిడ్డ పాలు తాగడం మానేసిందా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తోందా, డొక్కలు లోపలికి పోతున్నాయా, ఒళ్లు చల్లబడిందా, కాలుతోందా, అరికాళ్లు పచ్చబడ్డాయా. ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రికే. బొడ్డుకు పసుపు, ఆముదం, బూడిద ఏదీ రాయకూడదు, ఆరనివ్వాలి. బాలింతకు నీళ్లు, కూరలు కట్టిపెట్టే పథ్యం తప్పు. ఆమెకు మామూలు కన్నా ఎక్కువే తిండి, నీళ్లు కావాలి. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగక, బిడ్డ మీద మనసు పోకపోతే అది గాలి సోకడం కాదు. ప్రసవానంతర కుంగుబాటు, చికిత్స ఉన్న జబ్బు.

బిడ్డ కాస్త పెద్దయ్యాక జబ్బు చేస్తే చేరే పిల్లల వార్డులో మొదటి పరికరం తూకం. మందు మోతాదంతా కిలోల లెక్కన ఉంటుంది గనుక బరువు తప్పితే మందూ తప్పుతుంది. విరేచనాలతో వచ్చిన బిడ్డకు ఓఆర్ఎస్, రెండు వారాల జింక్ ఇచ్చి పంపేముందు మంచి నర్సు ఒక పని చేస్తుంది. ప్యాకెట్టు, గిన్నె తల్లి చేతికే ఇచ్చి, లీటరు నీళ్లు కొలిచి, కలిపి, చెంచాతో ఒక్కొక్క గుక్క పట్టించి చూపించమంటుంది. సరిగ్గా కుదిరేదాకా పక్కనే కూర్చుంటుంది.