కంటికి ఆనిన టవరు

నస్పూరులో డాబా ఎక్కి చూచినవారికి దూరాన టవరు స్పష్టంగా కనబడవచ్చు. దానికి ఎదురుగా పళ్ళెమంత యాంటెన్నా ఒకటి బిగించి, వీధిలో తీగ లాగే పని లేకుండానే ఇంటర్నెట్టును ఇంటిలోనికి దింపుకొనే పద్ధతి నేడు వాడుకలోనికి వచ్చింది. 5 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలోని కొన్ని పట్టీలకు కేంద్రప్రభుత్వం 2018లో లైసెన్సు అక్కరలేకుండా చేసింది. ఎయిర్‌టెల్, జియో సంస్థలు 2023లో ఎయిర్‌ఫైబర్ పేరిట ఇట్టి సేవలను ఆరంభించాయి. బొగ్గుబాయి కార్మికుల పిల్లలు పాఠాలకూ, ఉద్యోగాల దరఖాస్తులకూ ఇంటర్నెట్టునే నమ్ముకొన్న కాలమిది. కాని టవరు కనబడుతూనే వుంటుంది, ఇంటర్నెట్టు మాత్రం నిలవదు.

కంటికి ఆనినదెల్లా రేడియో తరంగానికి ఆనదు. కాంతిని గూర్చి పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ కనుగొన్న విషయమే దీనికి ఆధారం. తరంగం సూదిబెజ్జంలో దారంలాగ పోదు. రెండు కొసల సన్నగా, నడుమ లావుగా, నూలు కండె ఆకారంలో తన దారిని ఆక్రమించుకొంటుంది. టవరుకూ ఇంటికీ నడుమ 5 కిలోమీటర్లు వుండి, తరంగం 5.8 గిగాహెర్ట్‌జ్‌ది అయితే, మధ్యదారిలో ఆ కండె వ్యాసార్ధం సుమారు 8 మీటర్లు. అందులో నూటికి 60 వంతులైనా అడ్డు లేకుండా వుండాలి. అంటే కంటిచూపుకు బొటనవ్రేలంత సందు చాలిన చోట, తరంగానికి మూడంతస్తుల మేడ పట్టేటంత ఖాళీ కావాలన్నమాట.

మంచిర్యాల జిల్లా టేకు అడవుల సీమ. వేసవిలో టేకు ఆకు రాల్చి మోడై నిలుస్తుంది. ఆ దినాలలో కొలత తీసి యాంటెన్నా బిగించిన పనివానికి అంతా సవ్యంగానే తోస్తుంది. తొలకరి పడి ఆ పెద్ద పెద్ద ఆకులు విప్పుకొన్నాక, వాటిలోని నీరు తరంగశక్తిని హరించివేస్తుంది. వానను నిందించడం మనవారికి అలవాటు. నిజానికి ఈ దూరానికి, ఈ తరంగానికి, వానచినుకు చేసే కీడు స్వల్పమే. తడిసిన ఆకు చేసేది అధికం.

చెట్టునైనా నరకవచ్చుననుకొందాం. సింగరేణి వారి శ్రీరాంపూర్ ప్రాంతంలో గుట్టలే కొత్తగా పుడతాయి! ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గుపైనున్న మట్టినీ రాతినీ తవ్వి పోసిన డంపులవి. ప్రకృతి పెట్టిన కొండ పటంలో వుంటుంది; దానిని తప్పించి టవరు నిలుపుతారు. డంపు అట్టిది కాదు, బండి వెనుక బండి మట్టి పోయగా పెరిగేది. పటం గీచిన ఏటికీ, యాంటెన్నా బిగించే ఏటికీ నడుమ అది ఎంత ఎత్తెదిగినదో పటానికి తెలియదు. దాని నీడలో పడిన ఇంట సెల్‌ఫోను మాత్రం పలుకుతూ వుండవచ్చు. ఫోనుకు వాడే తక్కువ పౌనఃపున్యపు తరంగాలు గట్టు అంచున కొంత వంగి అవతలికి దిగుతాయి; 5.8 గిగాహెర్ట్‌జ్ తరంగానికి ఆ వంపు తక్కువ. పొరుగువానికి ఈ భేదం నచ్చజెప్పడం కష్టమే.

డంపు మీదనే టవరు నాటరాదా అంటే, వదులుమట్టి ఏండ్ల తరబడి క్రుంగుతూ వుంటుంది. దూరానికి గురిపెట్టే యాంటెన్నాల చూపు కొద్ది డిగ్రీలకు మించదు. స్తంభం కాస్త ఒరిగిందా, గురి తప్పినట్లే. ఇక మిగిలినవి రెండు ఉపాయాలు: డాబాపై పొడవాటి గొట్టం ఎత్తడం, లేక నడుమ ఎత్తయిన భవనం మీద మరొక యాంటెన్నా పెట్టి మలుపు తిప్పడం. మొదటిది ఇంటివాని ఖర్చు. కంపెనీ క్వార్టరులో వున్నవానికి అది సొంతగూడు కాదు, పదవీ విరమణతో ఖాళీ చేయవలసినదే. గొట్టానికి డబ్బు పెట్టడానికి చేయి రాదు. రెండవది సేవ అందించే సంస్థ ఖర్చు. పల్లంలో వున్న నాలుగిండ్ల కోసం అంత వ్యయానికి అది పూనుకోవడం అరుదు. అందువల్ల ఎత్తున వున్నవానికే ముందు అందుతుంది, పల్లపువాడు వేచి వుంటాడు.

ఇట్టి యాంటెన్నా పెట్టించుకోదలచినవారు వేసవి కొలతతో సరిపుచ్చుకోక, శ్రావణమాసంలో మరొకసారి కొలిపించుకోవడం మంచిది. డంపు అంచు నిరుడు ఎక్కడ వుండేదో ఆ వాడలో పాతకాపును అడిగితే, పటం కంటె అతడే సరిగా చెబుతాడు.