మెతుకు పట్టి చూచుట

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడ నక్కరలేదనియు, ఒక్క మెతుకు చాలుననియు మన పెద్దలు చెప్పుదురు. కొద్దిని చూచి మొత్తమును గూర్చి నిర్ణయించు విద్యకు ప్రతిచయనమని పేరు; వాడుకలో శాంపిలు సర్వే యందురు. అయితే సామెత పైకి చెప్పని నియమ మొకటి కలదు. కుండలోని ఎసరు అంతటను ఒక్క తీరున మరుగును. వండువారు గరిటెతో కలియబెట్టుదురు. కనుకనే పైమెతుకు అడుగు మెతుకునకు సాక్ష్యమీయగలదు. ఊరి చేలు అట్లు కలియబెట్టినవి కావు. కాలువ మొదటి మడి వేరు, చివరి మడి వేరు. రేగడి వేరు, చవుడు వేరు. అచ్చట ఏ మెతుకును పట్టవలెను?

ఇది గ్రామమునకు పట్టని ప్రశ్న కాదు. 2016 లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనయందు గ్రామమును ప్రమాణముగా గైకొన్నచోట, ముఖ్యమైన పంటకు కనీసము 4 పంటకోత ప్రయోగములు చేయవలెనని నియమము. వాని వలన తేలిన సగటు దిగుబడి నిర్ణీతమైన దిగుబడికంటె తగ్గినచో, బీమా చేసిన రైతులందరికిని పరిహారము వచ్చును, తగ్గనిచో రాదు. నాలుగు చేలు ఊరందరి పక్షమున సాక్ష్యము పలుకుచున్నవన్నమాట. సాక్షుల నెన్నుకొనుటలో లోపమున్నచో తీర్పు సరిగా నుండునా?

పూర్వము పంటను కంటిచూపుతోనే అంచనా వేసెడివారు. పదునారణాల పంటలో ఈ యేడు ఎన్ని అణాలు పండినవని అనేక ప్రాంతములందు చెప్పెడివారు. శిస్తు వజా కోరువాడు తక్కువ చెప్పును; శిస్తు వసూలు చేయువాడు ఎక్కువ చెప్పును. ఇరువురును సత్యవంతులే యైనను, కన్ను మాత్రము మోసపోవును. బీహారు, ఒరిస్సాలలో ఉద్యోగము చేసిన హబ్బక్ అను దొర, చీటివేసినట్లు ఎన్నుకొన్న చోట్ల వరిని కోసి తూచు పద్ధతిని గూర్చి 1927 లో ఒక గ్రంథము ప్రకటించెను. 1931 లో కలకత్తాయందు భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్, 1937 మొదలు వంగదేశమున జనపనార పంటను ఇట్లే కొలిపించెను. ఆ సంస్థలో 1941 లో చేరిన కల్యంపూడి రాధాకృష్ణరావు మన ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివినవాడు. ఈ శాస్త్రమున ప్రపంచఖ్యాతి గాంచినవాడు.

ఇక ప్రయోగము జరుగు విధము. ముందుగా అచ్చువేసిన అంకెల పట్టికనుండి గాని యంత్రమునుండి గాని వచ్చిన అంకెను బట్టి సర్వే నంబరును, అందులో చేనును నిర్ణయింతురు. పిమ్మట చేని నైరుతి మూలనుండి పొడవున ఇన్ని అడుగులు, వెడల్పున ఇన్ని అడుగులు అని మరల అంకెల వలననే తెలిసికొని, అచ్చట మేకులు పాతి త్రాడు కట్టుదురు. వరికి అనేక చోట్ల 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కొలుతురు. అందలి పంటను కోసి, నూర్చి, తూచి, తేమకు తగ్గింపు లెక్కింతురు.

అంకెల కింత పట్టుదల యేల? మనిషి చేతికి ఎన్నిక వదలినచో, దురుద్దేశము లేనివాడును దారిప్రక్క చేనును, నడచుటకు సులువైన గట్టును, చూపునకు నిండుగా నున్న వెన్నులను ఎంచుకొనును. జాలిగలవాడు ఎండిన చేనును చూపును. చీటికి జాలిలేదు, అలసటలేదు, చుట్టరికము లేదు. ప్రతి చేనుకును వచ్చు అవకాశ మెంతయో ముందే తెలిసియుండును. కుండను గరిటె కలియబెట్టినట్లు ఊరిని కలియబెట్టునది ఈ చీటియే.

త్రాటిని గూర్చియు జాగ్రత్త వలయును. ఆ మడి 25 చదరపు మీటర్లు. ఎకరము 4,047 చదరపు మీటర్లు. అనగా మడిలో ఒక్క కిలో తేడా వచ్చినచో ఎకరమునకు సుమారు 160 కిలోల తేడా యగును. అంచున నున్న కుదుళ్లను ఉదారముగా లోపలికి చేర్చుకొన్నచో పంట లేనిపోని పెంపు పొందును. మడి ఎంత చిన్నదైన ఈ దోషమంత పెద్దది.

ప్రయోగములు ఎన్ని చేసిన చాలును? పులుసును బాగుగా కలిపినపిమ్మట, గిన్నెకైనను గుండిగకైనను రుచి చూచుటకు గరిటెడే చాలును. అట్లే ఊరు రెండింతలైనంత మాత్రమున ప్రయోగములును రెండింతలు కానక్కరలేదు. చేనుకు చేనుకు తేడా యెంత యనునదే ముఖ్యము. అయితే చీటివలన వచ్చు తప్పును సగమునకు తగ్గింపవలెనన్న, ప్రయోగములను నాలుగింతలు చేయవలసియుండును. చీటి తప్పినచో మాత్రము వేయి ప్రయోగములైనను దోషమును పోగొట్టలేవు. ఒకే అబద్ధమును వేయిమారులు చెప్పినట్లే.

క్రొత్త విత్తనమును పరీక్షించుటకును ఇదే సూత్రము. మంచి చేనిలో క్రొత్తది, చవుటిచేనిలో పాతది చల్లి, క్రొత్తదే మేలనుట న్యాయము కాదు. 1919 లో ఇంగ్లాండులోని రాథంస్టెడ్ వ్యవసాయ కేంద్రమున చేరిన ఫిషర్ అను శాస్త్రజ్ఞుడు దీనికి మూడు నియమము లేర్పరచెను. ఒకే తీరు నేలను ప్రక్కప్రక్క మడులుగా విభజింపవలెను. ఏ మడిలో ఏ విత్తనమో చీటివేసి నిర్ణయింపవలెను. ఇట్లే పలుచోట్ల మరల మరల చేసి చూడవలెను. ఎవరేని మందుగాని విత్తనముగాని మీ యూరికి తెచ్చి, ఒక్క చేనిలోని పైరును చూపినచో, ఈ మూడింటిని గూర్చి అడుగుడు.

గ్రామ పెద్దలారా! కోతనాడు మీరు చేనికడ నుండుట మంచిది. చీటికి వచ్చిన చేనినే కోయుచున్నారో, దగ్గరి దానిని కోయుచున్నారో చూడుడు. అది ముందే కోతకోసినదైనచో, బదులు చేనును నియమము ప్రకారమే తీసికొనుమని కోరుడు. త్రాడు బిగువుగా నున్నదా, తూకము సరిగా నున్నదా పరిశీలింపుడు. ఊరి మేలుకోరి యైనను సరే, చేనును మార్చుమని మాత్రము అడుగకుడు. ఈ యేడు తగ్గించి చూపిన దిగుబడి రాబోవు సంవత్సరముల సగటులో చేరి, ఆ ప్రమాణమును తగ్గించును. అప్పుడు నిజముగా పంట పోయిన రైతునకు పరిహారము అందకపోవచ్చును.