కణంలో దూరడం కాదు, తిత్తి దాటడమే కష్టం

ఇన్సులిన్ కణం లోపలికి వెళ్లనక్కర్లేదు. కణం పైపొర మీదున్న గ్రాహకాన్ని తాకితే దాని పని అయిపోయినట్టే. ఇవాళ మందులుగా వాడుతున్న ప్రొటీన్లలో ఎక్కువ భాగం, యాంటీబాడీలతో సహా, ఇలా బయటి నుంచి పనిచేసేవే. లోపం కణం లోపలే ఉన్న జబ్బులకు ఇది చాలదు. కొవ్వు అణువులతో కట్టిన ఆ పొర ప్రొటీన్ లాంటి పెద్ద అణువును దాటనివ్వదు కనుక, దాన్ని నానో రేణువులో చుట్టి పంపాలన్న ఆలోచన వచ్చింది. పైపొర దాటించడమే ఘనకార్యమని వార్తల్లో రాస్తుంటారు గానీ, అసలు చిక్కంతా ఆ తర్వాతే. కణం రేణువును తేలిగ్గానే మింగి, ఎండోసోమ్ అనే తిత్తిలో బంధిస్తుంది. అందులో ఆమ్లం పెరుగుతూ పోయి, చివరకు సరుకంతా ముక్కలవుతుంది. కొవ్వు రేణువుల్లో పంపిన ఆర్‌ఎన్‌ఏ మీద 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో తిత్తి దాటింది 1-2 శాతమే!

ఆ ఆమ్లాన్నే అనుకూలంగా మలుచుకునేవి పాలీ బీటా అమైనో ఎస్టర్లు అనే పాలిమర్లు. రాబర్ట్ లాంగర్ ప్రయోగశాల 2000లో వీటిని జన్యు పదార్థం మోయడానికి ప్రతిపాదించింది. ఆమ్లం తగిలేకొద్దీ వీటి ధనావేశం పెరిగి, తిత్తి గోడ దెబ్బతింటుంది. ఎస్టర్ బంధాలను నీరే తెంచుతుంది కాబట్టి రేణువు కణంలో పేరుకుపోదు. అయితే డీఎన్‌ఏ ఒంటినిండా రుణావేశమే కనుక ధనావేశమున్న పాలిమర్‌కు తేలిగ్గా అంటుకుంటుంది. ప్రొటీన్ మీద రెండు ఆవేశాలూ కలగలిసి ఉంటాయి కాబట్టి అలా అంటుకోదు. అందుకే 2019లో జాన్స్ హాప్కిన్స్‌లో జోర్డన్ గ్రీన్ బృందం పాలిమర్ కొసలకు కార్బాక్సిల్ సమూహాలు తగిలించి, జన్యువును కత్తిరించే క్యాస్9 ప్రొటీన్‌ను ఎలుకల మెదడు కణితిలోకి పంపగలిగింది.

ప్రొటీనే ఎందుకు, దాన్ని తయారుచేయించే ఎంఆర్‌ఎన్‌ఏ చాలదా అని అడగవచ్చు. టీకాలకు చాలు. కత్తెర సంగతి వేరు: ఎంత ఎక్కువసేపు ఉంటే, తప్పుచోట కోత పడే ప్రమాదం అంత ఎక్కువ. తయారైన ప్రొటీన్ వెంటనే పనిచేసి, త్వరగా అరిగిపోతుంది. 2023లో అనుమతి పొందిన సికిల్‌సెల్ చికిత్స క్యాస్‌జెవీలో వాడేదీ తయారైన క్యాస్9 ప్రొటీనే. కాకపోతే మూలకణాలను ఒంట్లోంచి తీసి, విద్యుత్ తాకిడితో లోపలికి పంపి, కీమో ఇచ్చాక తిరిగి ఎక్కిస్తారు. ఈ జబ్బున్న మన ఏజెన్సీ గిరిజనులకు అంతటి ఆసుపత్రి ఎక్కడ దొరుకుతుంది? నేరుగా ఒంట్లోకే పంపగల రేణువు కావాలనడానికి అదే బలమైన కారణం. రేణువు కరిగిపోతుంది కాబట్టి అన్నివిధాలా క్షేమమే అనుకోవడం మాత్రం తొందరపాటు. కరిగే కుట్లలోనూ, ఇలాంటి రేణువుల్లోనూ వాడే పీఎల్‌జీఏ అనే పాలిమర్ లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలుగా విడిపోతుంది; శరీరానికి వాటితో ఇబ్బంది లేదు గానీ, రేణువు లోపల పేరుకున్న ఆమ్లం మోసుకెళ్తున్న ప్రొటీన్‌నే చెడగొట్టగలదు. గమ్యం చేరడం మరో తంటా. రక్తంలోకి ఎక్కిస్తే ఇలాంటి రేణువుల్లో చాలావాటిని కాలేయం పట్టేసుకుంటుంది. హాప్కిన్స్ బృందం కూడా సూదిని నేరుగా కణితిలోకే దించింది.